మడి కుంపటి మీద జామ్

వెంకటరమణమ్మగారు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి ఐదు రోజులైంది. ఈ ఐదు రోజుల్లో ఆవిడ నోట్లోకి వెళ్ళింది కాస్త మజ్జిగ. నోట్లోంచి వచ్చినవి మాత్రం అంత కొంచెంగా లేవు. కోడలు సుశీల గంజి కాచిస్తే "ఇది తాగడానికా, గోడలకి కొట్టడానికా?" అన్నారు. పెసరకట్టు పెడితే మొహం అటు తిప్పుకున్నారు. కొడుకు గౌరీశంకరం మంచం పక్కన గొంతుకూర్చుని "ఒక్క ముద్దమ్మా" అని బతిమాలితే, "చిన్నప్పుడు నిన్ను నేనింత బతిమాలలేదురా, వీపు మీద ఒక్కటిచ్చేదాన్ని" అని కళ్ళు మూసుకున్నారు.

ఎనభై ఒకటో ఏట టైఫాయిడ్. పదకొండు రోజులు తెనాలిలో ఆస్పత్రి మంచం. మనిషి ఎంత చిక్కిపోయారంటే, దుప్పటి కింద ఉన్నారో లేరో ఒకసారి ఎత్తి చూసుకోవలసి వచ్చేది.

శుక్రవారం సాయంత్రం డాక్టర్ వరప్రసాదంగారు ఇంటికే వచ్చి నాడి చూశారు, నాలిక చూశారు, ఆఖరికి సుశీలని వసారాలోకి పిలిచారు.

"జ్వరం పోయిందమ్మా. ఇక తిండే మందు. సోమవారం దాకా చూద్దాం. అప్పటికీ తినకపోతే తీసుకొచ్చేయండి, మళ్ళీ సెలైన్ ఎక్కిద్దాం."

లోపల్నుంచి సన్నగా, స్పష్టంగా గొంతు వినిపించింది. "నేను మాత్రం మళ్ళీ ఆ మెట్లెక్కను. మోసుకెళ్ళేట్టయితే అటు కాదు, ఇంకో వైపుకి మోసుకెళ్ళండి."

సుశీల గుమ్మానికి చేరబడింది. ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. రేపల్లె హైస్కూల్లో సైన్సు టీచరు. పొద్దున్నే తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కడం, సాయంత్రం తిరిగిరావడం, ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. గౌరీశంకరం బాపట్ల కాలేజీలో సంస్కృతం చెబుతాడు. ఆయన బండి ఒక దిక్కుకి, ఈవిడ బండి ఒక దిక్కుకి. వాళ్ళ కాపరమంతా రెండు సీజన్ టిక్కెట్ల మధ్య జరిగింది. రేపల్లె లైనులో ఒక్కటే సుఖం. బండి అక్కడితో ఆగిపోతుంది, కళ్ళు మూతపడ్డా ఊరు దాటిపోయే భయం లేదు. వేమూరు దగ్గర మూసుకున్న కళ్ళు భట్టిప్రోలు దగ్గర ఒకసారి తెరుచుకుని మళ్ళీ మూసుకునేవి. రోజు మొత్తంలో సుశీల అసలైన నిద్ర ఆ కొయ్యబల్ల మీదే.

సెలవులన్నీ టైఫాయిడ్ పట్టుకుపోయింది. ఇంకొక్క రోజు కూడా మిగల్లేదు. సోమవారం మళ్ళీ ఆస్పత్రి అంటే ఎవరు కూర్చోవాలి అక్కడ? ఆ ఆలోచన కన్నా ముందు, అత్తగారి మణికట్టు గుర్తొచ్చింది. పొద్దున పట్టుకుంటే చీపురుపుల్లలా తగిలింది.

డాక్టరుగారి స్కూటరు వీధి మలుపు తిరిగాక వెంకటరమణమ్మగారు కళ్ళు తెరిచారు.

"సుశీలా, నాకా ఎర్ర లేహ్యం కావాలి."

"ఏ లేహ్యం అత్తయ్యగారూ?"

"అదే, బ్రెడ్డు మీద రాసుకుంటారు చూడు, సీసాలో ఉంటుంది. ఆస్పత్రిలో పక్క మంచం వాళ్ళు తింటుంటే చూశాను."

గౌరీశంకరం అప్పటికే ఒక కాలు చెప్పులో పెట్టేశాడు. "జామ్! అంతేనా? ఐదు నిమిషాల్లో తెస్తా."

"కొట్లోది నా గడప తొక్కిందంటే చూడు! ఏం కలుపుతారో, ఏ చేత్తో కలుపుతారో. ఈ వయసులో నన్ను భ్రష్టు పట్టిస్తావా?"

"మరి బ్రెడ్డు కొట్లోదే కదమ్మా?"

"బ్రెడ్డు డాక్టరు చీటీ మీద రాశాడు. చీటీ మీద రాస్తే మందు. మందుకి మడేంటి, మైలేంటి?"

"అయితే జామ్ కూడా రాయించుకొస్తా."

"తియ్యగా ఉండే మందు ఏ డాక్టరు రాస్తాడురా? సంస్కృతం చెబుతావు, ఆ మాత్రం తెలీదూ?"

గౌరీశంకరం చెప్పులోంచి కాలు వెనక్కి తీసుకున్నాడు. తల్లీ కొడుకులిద్దరూ సుశీల వైపు చూశారు. ఆ ఇంట్లో ఏ వాదన అయినా చివరికి ఇద్దరూ సుశీల వైపు చూడటంతోనే ముగుస్తుంది.

శనివారం స్టాఫ్ రూములో రాగసుధని పట్టుకుంది సుశీల. రాగసుధ బాపట్లలో హోంసైన్స్ చదివి, ఆ ఏడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. రెండువేల ఐదులో చేరినవాళ్ళకి ఉండే హుషారంతా ఉంది.

"చాలా ఈజీ మేడమ్. జామపండ్లు ఉడికించి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, జల్లెడలో వడకట్టండి."

"మిక్సీ మడికి పనికిరాదమ్మా. అందులో ఉల్లిపాయ పడింది."

"పోనీ, జల్లెడలో వేసి నొక్కండి."

"దానికి ప్లాస్టిక్ అంచు. ఆవిడ ఒప్పుకోరు."

"గ్యాస్ పొయ్యి ఉంటుంది కదండి?"

"బయటి వంటింట్లో ఉంది. మడి వంటింట్లో కుంపటి."

రాగసుధ కాసేపు పెన్ను కొరికింది. "మరి దేంతో చేస్తారు మేడమ్?"

"అదే చూడాలి."

ఆ పిల్ల జాలిపడి, మిగిలిపోయిన యూనిట్ టెస్ట్ ప్రశ్నపత్రం వెనకాల పద్ధతంతా రాసిచ్చింది. గుజ్జుకి సమానంగా పంచదార, రెండు నిమ్మకాయల రసం. చల్లటి ప్లేటు మీద చుక్క వేసి వంచితే ముద్దగా జారాలి. కింద ఒక మాట రాసి రెండు గీతలు గీసింది: కాస్త పల్చగా ఉండగానే దించాలి, చల్లారాక అదే బిగుస్తుంది.

ఆదివారం తెల్లవారి సుశీల తలస్నానం చేసి తడిచీర కట్టుకుని మడి వంటింట్లోకి వెళ్ళింది. వర్షాకాలం బొగ్గులు. ఊదితే పొగ తప్ప నిప్పు రాదు. ఒక అరగంట విసనకర్రతో విసిరాక ఒక మూల ఎర్రబడింది. వీధిలో, నందివెలుగు నుంచి తోపుడుబండి మీద పండ్లు తెచ్చే అబ్బాయి దగ్గర కొన్న జామపండ్లు కళాయి వేసిన ఇత్తడి గిన్నెలో ఉడికాయి. ఇక్కడిదాకా బాగానే ఉంది.

వెంకటరమణమ్మగారు తన మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించుకున్నారు. వారం రోజులుగా కళ్ళు తెరవడానికే ఓపిక లేని మనిషి, రెండు దిండ్లు పెట్టించుకుని ఆనుకున్నారు.

"గింజలెలా తీస్తావే?"

సుశీల గోడకున్న చెక్క మీద చూసింది. మడి సామాన్లలో కన్నాలున్న వస్తువు ఒక్కటే ఉంది. జంతికల గొట్టం. ఇత్తడిది, మోకాలంత పొడుగు. అందులో సన్నకన్నాల కారప్పూస బిళ్ళ వేస్తే గుజ్జు కిందికి దిగుతుంది, గింజలు పైన ఆగుతాయి. సైన్సు ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. నొక్కడానికే సుశీల చేతుల్లో సత్తువ లేదు.

"ఏమండీ, మీరూ స్నానం చేసి రావాలి."

గౌరీశంకరం తడిపంచె కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని, యుద్ధానికి వచ్చినట్టు వచ్చాడు. గొట్టం గిన్నె మీద నిలబెట్టి, బరువంతా వేసి నొక్కాడు. కింద నాలుగు చుక్కలు పడ్డాయి. తర్వాత గింజలు ఒక్కో కన్నంలో ఒక్కొక్కటి లెక్కగా వెళ్ళి కూర్చున్నాయి. కిందికి దారి మూసుకుపోయింది.

"గట్టిగా నొక్కరా, అన్నం తినలేదూ?" అన్నారు మంచం మీంచి, అన్నం తినని మనిషి.

ఆయన గట్టిగా నొక్కాడు. గుజ్జుకి కింద దారి లేక పైన వెతుక్కుంది. తుప్పున ఎగిరి ఆయన ఛాతీ మీద, జంధ్యం మీద, కళ్ళద్దాల మీద పడింది. ఒక ముక్క సరిగ్గా విభూతి రేఖల మధ్య అతుక్కుంది.

"ఏంటిరా అది, అభిషేకమా?"

నవ్వొచ్చింది సుశీలకి. నవ్వడానికి కూడా కాస్త బలం కావాలి, సగంలో ఆగిపోయింది. ఆఖరికి గౌరీశంకరం మడి ఉత్తరీయం ఒకటి తడిపి, మిగిలిన గుజ్జంతా అందులో పోసి, ఇద్దరూ చెరో కొనా పట్టుకుని బట్టలు పిండినట్టు పిండారు. ఆ ఉత్తరీయం ఆ తర్వాత ఏ పూజకీ పనికిరాలేదు.

పంచదార పడ్డాక గిన్నెలో తుకతుకమని మొదలైంది. బుడగ పగిలినప్పుడల్లా ఒక చుక్క ఎగిరి చేతి మీద పడి చురుక్కుమంటోంది. సుశీల తడిగుడ్డ చేతికి చుట్టుకుని అరిసెల తెడ్డుతో కలుపుతూనే ఉంది. తడిచీర ముందువైపు కుంపటి సెగకి ఆవిరి కక్కుతోంది, వెనకవైపు వీపుకి చల్లగా అంటుకుంటోంది. నడుము ఎక్కడుందో నొప్పి చెబుతోంది. పక్కగదిలో బల్ల మీద దిద్దాల్సిన అరవై మూడు యూనిట్ టెస్ట్ పేపర్లున్నాయి. వాటి సంగతి తలుచుకోకూడదనుకుంది. తలుచుకుంది.

గుజ్జు రంగు మారి చిక్కబడింది. రాగసుధ చీటీ తడిచేతులకి సగం అలుక్కుపోయినా, రెండు గీతల మాట కనిపిస్తూనే ఉంది. సుశీల ఒక పళ్ళెం తీసుకుని దాని మీద చుక్క వేసింది. వంచింది. ముద్దగా, బద్ధకంగా జారింది. అయిపోయినట్టే.

"పళ్ళెం మీద వేసి చూడటమేంటే, విడ్డూరం! పాకం ఎవరైనా నీళ్ళలో చూస్తారు."

"ఇది అరిసెల పాకం కాదు అత్తయ్యగారూ. పల్చగా ఉండగానే దించాలిట."

"పంచదార పంచదారే. యాభై ఏళ్ళు ఈ వీధిలో ప్రతి పెళ్ళికీ పాకం చూసింది నేను. నీళ్ళలో వెయ్యి. ఉండ కట్టాలి. ఆ ఉండ తీసి పళ్ళానికేసి కొడితే టంగుమనాలి. అంతవరకూ దించకు."

సుశీల చేతిలో తెడ్డు ఆగింది. ఏ పదార్థం ఎప్పుడు బిగుస్తుందో రోజూ అరవైమందికి చెప్పే మనిషి ఆవిడ. జవాబు నాలిక చివర దాకా వచ్చింది. తలెత్తి చూసింది. దిండు మీద అత్తగారి మొహంలో వారం రోజులుగా లేని వెలుగు. గొంతులో పాత కరుకుదనం. వేలు కూడా ఎత్తి చూపిస్తున్నారు. ఇప్పుడు కాదంటే ఆ వేలు మళ్ళీ దుప్పట్లోకి వెళ్ళిపోతుంది. జామ్ చెడితే చెడనీ అనుకుంది. నిజం చెప్పాలంటే వాదించే ఓపిక కూడా లేదు.

ఇంకో అరగంట కలిపింది. నీళ్ళ గిన్నెలో ఉండ కట్టింది. పళ్ళానికేసి కొట్టింది. టంగుమంది.

"చూశావా!" అన్నారు వెంకటరమణమ్మగారు, తన పెళ్ళిపాకాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు. "ఏలకులు వేశావా? పచ్చకర్పూరం?"

"జామ్‌లో పచ్చకర్పూరం..."

"తీపి అన్నాక పచ్చకర్పూరం లేకుండా ఎలా?"

అదీ పడింది. చింతకాయ పచ్చడి తీసేసి ఏడుసార్లు కడిగిన చిన్న జాడీలోకి మొత్తం పోసి, మూతికి గుడ్డ కట్టి, సుశీల గోడకానుకుని అలాగే కూర్చుండిపోయింది.

సాయంత్రం నాలుగింటికి గుడ్డ విప్పారు. సుశీల చెంచా దింపింది. చెంచా దిగలేదు. గౌరీశంకరం "ఇలా ఇవ్వు" అని తను ప్రయత్నించాడు. చెంచా వంగింది. అట్లకాడ తెచ్చాడు. అట్లకాడ పైన జారి ఆయన బొటనవేలికి తగిలింది. చివరికి కొబ్బరికోరు కింద జాడీని వంచి పట్టుకుని గీకితే, ఎర్రటి చెక్కు ఒకటి లేచి నేలమీద పడి చప్పుడు చేసింది. ఇంకో చెక్కు తీసి బ్రెడ్డు ముక్క మీద పెట్టారు. అది బ్రెడ్డు మీద రాయిలా కూర్చుంది.

వెంకటరమణమ్మగారు ఆ చెక్కుని నోట్లో పెట్టుకున్నారు. పళ్ళు లేని నోరు. ఈ బుగ్గకి తోశారు, ఆ బుగ్గకి తోశారు. కాసేపటికి రెండు వేళ్ళతో బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఇది కాదు."

ఆ చెక్కుని బ్రెడ్డు పళ్ళెం అంచున పెట్టేశారు.

"అది ఇలా లేదు. మెత్తగా ఉంది. వేలితో తీస్తే వచ్చేది. నాలిక మీద పెట్టగానే జారిపోయింది."

సుశీల నెమ్మదిగా తలెత్తింది. "మీరు చూశానన్నారు కదా అత్తయ్యగారూ?"

"చూస్తే తెలీదా ఏంటి, మెత్తగా ఉందని?"

"నాలిక మీద జారిపోవడం కూడా చూస్తేనే తెలిసిందా?"

వెంకటరమణమ్మగారు గోడ వైపు తిరగబోయారు. తిరగడానికి ఓపిక చాలలేదు. ఇటే చూస్తూ ఉండిపోయారు.

"మాణిక్యం పెట్టింది" అన్నారు, దొంగతనం ఒప్పుకున్న చిన్నపిల్లలా.

మాణిక్యం సుశీలకి తెలుసు. పక్క మంచం మీద పావని అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల తల్లి. నిజాంపట్నం వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే మనిషి. రేపల్లెలో బండెక్కి తెనాలి బజారుకొస్తుంది.

"చేత్తో పెట్టిందామ్మా?" అన్నాడు గౌరీశంకరం.

"చేత్తో కాక కాలితో పెడుతుందా? బ్రెడ్డు ముక్క తుంచి, ఆ ఎర్రది రాసి, 'నోరు తెరువు మామ్మగారూ' అంది. తెరిచాను. రెండు రోజులు పెట్టింది. వాళ్ళెవరు, ఏమిటి అని అడగలేదు. అడిగితే తినలేను కదా."

ఎవరినీ తప్పుపట్టకుండా, వాన పడిందని చెప్పినట్టు చెప్పారు. "ఆ రోజు పొద్దున్నే నువ్వు బండెక్కావు. వాడూ బండెక్కాడు. నాకు మంచినీళ్ళ చెంబు అందలేదు. ఆవిడ లేచొచ్చి ఇచ్చింది. అక్కణ్ణుంచి మొదలు."

సుశీల అరచేతులు చూసుకుంది. బుడగలు పడ్డచోట ఎర్రటి చుక్కలు. కాదనడానికేమీ లేదు. ఆ రోజు సెలవు లేదు, వెళ్ళింది. వేమూరు దగ్గర కళ్ళు మూసుకుంది కూడా.

లేచింది. వంటింట్లోకి వెళ్ళి కుంపట్లో మిగిలిన నిప్పు మీద నాలుగు బొగ్గులు వేసింది. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, జాడీని అందులో నిలబెట్టి, జాడీలో ఒక గరిటె వేడినీళ్ళు పోసింది. పంచదారతో బిగిసింది వేడికి వదులుతుంది, ఏడో తరగతి పిల్లలకి కూడా తెలిసిన సంగతి. రోజంతా తనకే గుర్తు రాలేదు.

"మళ్ళీ పొయ్యెక్కిస్తే పాకం చెడుతుందే!" గుమ్మం అవతల్నుంచి గొంతు.

"చెడనివ్వండి అత్తయ్యగారూ."

ఇరవై ఆరేళ్ళ కాపరంలో అత్తగారు వద్దన్నది చెయ్యడం అదే మొదటిసారి. గౌరీశంకరం తలుపు పక్కకి తప్పుకున్నాడు.

జాడీ అంచు దగ్గర ముందు ఊడింది. తర్వాత మధ్యలో మెత్తబడింది. తెడ్డు వెనకవైపుతో కుమ్మగా కుమ్మగా, ముదురు రంగులో, జిగురుగా, ఒక పదార్థం తయారైంది. దాన్ని జామ్ అనాలంటే దగ్గర్లో రాగసుధ ఉండకూడదు. సుశీల బ్రెడ్డు మీద వేలితో రాసి, తుంచి, మంచం దగ్గరికి తెచ్చింది.

"నోరు తెరవండి."

తెరిచారు. నమిలారు. మింగారు. సుశీల ఆ గొంతు వైపే చూస్తూ నిలబడింది.

"మాణిక్యం పెట్టిందే బాగుంది. ఇందులో పచ్చకర్పూరం ఎక్కువ వేశావు" అని మళ్ళీ నోరు తెరిచారు.

రెండు ముక్కలు పూర్తిగా తిన్నారు. అంచులు కూడా వదల్లేదు. గౌరీశంకరం ధైర్యం తెచ్చుకుని, "అయితే మాణిక్యం పెట్టిందీ కొట్లో సీసానే కదమ్మా. రేపు ఒకటి పట్టుకొస్తా" అన్నాడు.

"ఆస్పత్రి వేరు, ఇల్లు వేరు. నీకు చెప్పినా తెలీదు." ఆవిడ మూతి తుడుచుకుని సుశీల వైపు తిరిగారు. "దానికో గిన్నెడు పట్టుకెళ్ళు. రేపల్లె బండే ఎక్కుతావుగా."

సోమవారం పొద్దున సుశీల సంచిలో ఒక స్టీలు డబ్బా, దిద్దీ దిద్దని అరవై మూడు పేపర్లు ఉన్నాయి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అత్తగారు మంచం మీద కూర్చుని మూడో ముక్క కోసం కొడుకుని కేకలేస్తున్నారు. ఆస్పత్రికి తీసుకురావడం లేదని డాక్టరుగారికి గౌరీశంకరం ఫోను చేసి చెప్పేశాడు. బండి వేమూరు చేరకముందే సుశీల కళ్ళు మూతపడ్డాయి. ఈసారి భట్టిప్రోలు దగ్గర కూడా తెరుచుకోలేదు.

"పంతులమ్మగారూ! ఓ పంతులమ్మగారూ! రేపల్లె వచ్చేసి చాలాసేపైందండి. బండి మళ్ళీ తెనాలి పోద్ది!"

కళ్ళు తెరిస్తే ఎదురుగా చేపలబుట్ట. బుట్ట వెనక మాణిక్యం. అదే పెట్టెలో తెనాలి వెళ్ళడానికి ఎక్కింది.

"ఏంటండి ఇట్టా పడిపోయారు? మామ్మగారెలా ఉన్నారు? తింటన్నారా?"

"తింటున్నారు." సుశీల గొంతు సరిచేసుకుంది. "ఆవిడ నీకిది పంపారు."

సంచిలో చెయ్యి పెట్టేసరికి విషయం అర్థమైంది. డబ్బా మూత ఊడింది. యూనిట్ టెస్ట్ పేపర్లు అన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ఎర్రటి అట్టలా బయటికొచ్చాయి. మొదటి పేపరు మీద ఉన్న ప్రశ్న: ఘనపదార్థాలను వేడిచేసిన ఏమగును?

మాణిక్యం బుగ్గలు నొక్కుకుంది. తర్వాత డబ్బాలో అడుగున మిగిలింది వేలితో తీసి నోట్లో పెట్టుకుంది.

"ఇదేంటండి, తీర్థం వాసనొస్తంది?"

"పచ్చకర్పూరం."

"జామ్‌లోనా?"

సుశీలకి నిన్న సగంలో ఆగిపోయిన నవ్వు ఇప్పుడొచ్చింది. ఎక్కువ కాదు, భుజాలు కదిలేంత. మాణిక్యం కూడా నవ్వి, చేపలబుట్ట కాలితో పక్కకి జరిపింది.

"బాగుందిలెండి. పావనికి పెడతా." అని డబ్బా మూత గట్టిగా నొక్కి చీరకొంగులో చుట్టుకుంది. "మొదటి గంట కొట్టేస్తారేమో, దిగరా?"

ప్లాట్‌ఫారం మీద ఎండ పడుతోంది. బండి కదలడానికి ఇంకా టైముంది.

"ఐదు నిమిషాలు కూర్చుంటాను మాణిక్యం" అంది సుశీల. కూర్చుంది.